గప్పీ చేప: చంద్రపూర్ నీటితొట్ల నుంచి గాజుతొట్ల దాకా

గప్పీ వేలెడు పొడవు కూడా ఉండని మంచినీటి చేప. శాస్త్రనామం పీసిలియా రెటిక్యులేటా. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా ఈశాన్య కొస, అంటే వెనిజులా, గయానా, పక్కనే ఉన్న ట్రినిడాడ్ దీవి. మగది రెండు మూడు సెంటీమీటర్లుంటుంది, సోకంతా దాని తోకలోనే. ఆడది దానికి రెట్టింపు ఉంటుంది, రంగు బూడిదరంగు. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. మహారాష్ట్ర తూర్పు అంచున, తెలంగాణకు ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లాలో ఈ చేప రెండు వేషాల్లో కనిపిస్తుంది. ఒకటి, ఆరోగ్యశాఖ ఊరికే ఇచ్చే దోమల మందు. రెండోది, అక్వేరియం దుకాణంలో జతల లెక్కన అమ్ముడయ్యే అలంకారం. జాతి మాత్రం ఒక్కటే. ఇంట్లో చేపలు పెంచాలన్న ముచ్చటకు ఈ ప్రాంతంలో చాలామందికి తొలి మెట్టు గప్పీయే.

పేరు

1859లో బెర్లిన్‌కు చెందిన విల్‌హెల్మ్ పీటర్స్ వెనిజులా నుంచి వచ్చిన నమూనాలు చూసి ఈ చేపను తొలిసారి వర్ణించాడు. ట్రినిడాడ్‌లో స్థిరపడిన భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ పంపిన చేపలు లండన్ బ్రిటిష్ మ్యూజియానికి చేరగా, 1866లో ఆల్బర్ట్ గుంథర్ అవి కొత్త జాతి అనుకుని ఆయన పేరే పెట్టాడు. శాస్త్రనామాల్లో ముందు పెట్టిన పేరుదే గెలుపు కాబట్టి గుంథర్ పెట్టిన పేరు చెల్లలేదు. జనం నోట్లో మాత్రం అదే నిలిచిపోయింది. కనిపెట్టినవాడి పేరు మరుగున పడి, డబ్బాలో పెట్టి పంపినవాడి పేరు ప్రపంచమంతా తిరిగింది.

మరాఠీలో దీన్ని గప్పీ మాసా అంటారు. ఆ భాషలో గప్పా అంటే కబుర్లు. తెలుగులో గప్పాలు కొట్టడమంటే లేనిపోని గొప్పలు చెప్పుకోవడం. రెండు భాషలూ ఇంట్లో మాట్లాడే బల్లార్‌పూర్, రాజురా వైపు జనానికి ఈ పేరు విదేశీ పేరులా వినిపించదు. (రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. కాగితపు మిల్లూ బొగ్గుగనులూ ఇటువైపుకు ఇంకా చాలా తెలుగు కుటుంబాలను రప్పించాయి.)

మన దేశానికి రాక

గప్పీని ఇక్కడికి రప్పించింది దోమ. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాక, జ్వరాన్ని ఆపాలంటే దోమను నీళ్లలో ఉండగానే పట్టాలన్న సంగతి తేలిపోయింది. నీళ్లమీద నూనె పోయడం, గుంటలు పూడ్చడం, లార్వాలను తినే చేపల్ని వదలడం అప్పట్లో తెలిసిన ఉపాయాలు. 1908 ప్రాంతంలో గప్పీ భారతదేశానికి వచ్చింది. దానికి దగ్గరి బంధువైన గంబూసియా 1928లో ఇటలీ మీదుగా దిగింది. తెలుగు పత్రికల్లో వానాకాలం వచ్చిందంటే కనబడే "చెరువులో గంబూసియా చేపలు వదిలిన అధికారులు" అన్న ఫొటోలోవి ఈ రెండోరకం చేపలు.

తర్వాత డీడీటీ మందు వచ్చింది, చేపను మరిచిపోయారు. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది, 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారింది. 1965 నాటికి దేశం మొత్తమ్మీద నమోదైన కేసులు లక్షకు దిగాయి. మలేరియా పీడ విరగడైనట్టే అనుకున్నారు. కానీ దోమలకు మందు అలవాటైపోయింది, పర్యవేక్షణ సడలింది, 1976కల్లా కేసులు 64 లక్షలు దాటాయి. మళ్లీ అప్పుడు గప్పీ గుర్తుకొచ్చింది. 1983లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో మలేరియా పరిశోధన కేంద్రం గుంటలు పూడ్చడం, నీటి నిల్వల్లో చేపలు వదలడం వంటి పద్ధతులతో మందు చల్లకుండా మలేరియాను అదుపు చేసే ప్రయోగం మొదలుపెట్టింది. ఆ తర్వాత లార్వాలు తినే చేపలకు ప్రభుత్వ కార్యక్రమాల్లో మళ్లీ చోటు దొరికింది.

చంద్రపూర్‌లో

"గప్పీ మాసే పాళా, హివతాప్ టాళా". మహారాష్ట్రలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గోడల మీద, పల్లెల్లో పంచాయతీ గోడల మీద కనబడే నినాదమిది. గప్పీ చేపల్ని పెంచండి, మలేరియాను తప్పించుకోండి అని అర్థం. హివతాప్ అన్న మాటను విడదీస్తే అచ్చంగా మన చలిజ్వరమే. ఆరోగ్య కేంద్రం ఆవరణలో సిమెంటు తొట్టి ఒకటి కట్టి, దాని మీద గప్పీల పెంపక కేంద్రమని రాసి ఉంచుతారు. అక్కడి నుంచి చిన్న సంచుల్లో, డబ్బాల్లో చేపల్ని పట్టుకెళ్లి బావుల్లో, వాడకపు నీటి తొట్లలో, పారని మురుగు కాలువల్లో వదులుతారు. నిండు గప్పీ రోజుకు 80 నుంచి 100 లార్వాలు తింటుందని, ఒడ్డు పొడవున మీటరుకు ఐదు నుంచి పది చేపలు సరిపోతాయని ఆరోగ్యశాఖ లెక్క. అడవులున్న చంద్రపూర్‌కూ, 1982లో దాన్నుంచి విడిపోయిన గడ్చిరోలికీ మలేరియా పాత శత్రువు కాబట్టి ఇక్కడ ఈ నినాదం గోడకే పరిమితమైన మాట కాలేదు.

మురుగు కాలువలో మరో చేప బతకనిచోట గప్పీ ఎందుకు బతుకుతుందంటే, జవాబు దాని నోట్లో ఉంది. నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటి పైపొర గాలిని తాకుతుంది కాబట్టి మురికినీటిలో కూడా ఆ పలుచని పొరలో కాస్త ఆక్సిజన్ ఉంటుంది. గప్పీ తలెత్తి ఆ పొరనే తాగుతుంది. దోమ లార్వాలు ఊపిరికోసం చేరేదీ సరిగ్గా ఆ పొరకే. వేటగాడూ వేటా ఒకే కిటికీ దగ్గర తారసపడతాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. డెంగీ తెచ్చే ఈడిస్ దోమకు మురుగు పనికిరాదు, ఇంట్లోని శుభ్రమైన నిలవనీరే కావాలి. చంద్రపూర్ మే నెల ఎండ 46, 47 డిగ్రీలు దాటుతుంది. కూలర్ లేని ఇల్లు అరుదు. వానలు పడ్డాక కూలర్‌ను ఆపేసి అడుగున నీళ్లు అలాగే వదిలేస్తే అదే ఈడిస్ పురిటిగది. కూలర్‌లో గప్పీ వేద్దామంటే కుదరదు, మోటారు లాగేస్తుంది, నీళ్లు మారుస్తూ ఉండాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి ఖాళీ చేసి, తుడిచి, ఆరబెట్టడమే దారి. మహారాష్ట్రలో దాన్ని కోరడా దివస్ అంటారు, మన వైపు డ్రై డే. గప్పీకి తగిన చోటు పెరట్లోని సిమెంటు తొట్టి, గోళెం, కడగడానికి వీల్లేని పెద్ద ట్యాంకు.

తొట్టిలోంచి గాజులోకి

పెరటి తొట్టిలో చేపల్ని చూసి మురిసిన పిల్లలు వాటిని గాజుసీసాలోకి మార్చడంతో ఇంటి అక్వేరియం కథ మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో గాజుతొట్టి మోజు 1850ల నాటిది. అక్వేరియం అన్న మాటకు ప్రచారం తెచ్చిన ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకం 1854లో వెలువడింది. మన దేశంలో మద్రాసు మెరీనా ఒడ్డున 1909లో, బొంబాయిలో తారాపోర్‌వాలా పేరిట 1951లో వచ్చినవి జనం టికెట్టు కొని చూసే అక్వేరియంలు. ఇళ్లలోకి ఇది వ్యాపించడం తర్వాతి సంగతి. చెన్నైలోని కొళత్తూరు, కోల్‌కతా గాలిఫ్ స్ట్రీట్, ముంబై క్రాఫోర్డ్ మార్కెట్ ఈ వ్యాపారానికి పేరు మోశాయి. ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో, థర్మోకోల్ పెట్టెల్లో చేపలు దూర ప్రయాణం చేయగలగడం దీనికి ఊతమిచ్చింది.

దుకాణం గప్పీలకు పెద్ద పెద్ద పేర్లుంటాయి: కోబ్రా, టక్సెడో, మొజాయిక్, మాస్కో బ్లూ, డంబో ఇయర్. ఇవన్నీ ఆ కాలువ గప్పీకి మనుమలూ ముని మనుమలే. ఎంపిక చేసి తరాల తరబడి జతకలిపితే తేలిన రంగులు. ఆ ఎంపిక ఎలా పనిచేస్తుందో తేల్చింది డెన్మార్క్ శాస్త్రజ్ఞులు. మగ గప్పీ మచ్చ తండ్రి నుంచి కొడుకుకే సంక్రమిస్తుందని 1920లో యొహానెస్ ష్మిట్ చూపాడు. అది వై క్రోమోజోమ్ మీదుగా నడుస్తుందని, కొన్ని రంగులు ఎక్స్ మీదుగా తల్లి నుంచీ వస్తాయని 1922లో ఓయ్‌విండ్ వింగే వివరించాడు. ఇంట్లో రంగులు నిలబెట్టాలనుకునేవాళ్లకు ఇప్పటికీ ఇదే పాఠం. మగదాని తోక చూసి మురిసిపోతే చాలదు. ఏ అందమూ కనిపించని ఆడచేప ఏ ఇంటి పిల్లో కూడా కనుక్కోవాలి.

అది చెప్పడం తేలిక, చెయ్యడం కష్టం. ఆడ గప్పీ ఒక్కసారి జతకడితే ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని, మగతోడు లేకుండానే వరసగా నాలుగైదు కాన్పులు కనగలదు. దుకాణంలో ఎర్ర మగచేపను, ఆడచేపను కొనుక్కొచ్చి ఒక తొట్టిలో వేసినవాళ్లకు కొన్నాళ్లకు నీలి పిల్లలు కనబడితే దుకాణదారు మోసం చేశాడనుకోనక్కర్లేదు. ఆ పిల్లల తండ్రి దుకాణం తొట్టిలోనే ఉండిపోయాడు. అందుకే రంగుల వంశం కావాలనుకునేవాళ్లు పిల్లలకు మూడు వారాలు నిండకముందే మగా ఆడా వేరుచేస్తారు. ఆడపిల్లకు పొట్ట చివర నల్లమచ్చ పడుతుంది. మగపిల్లకు అడుగు రెక్క సన్నబడి పుల్లలా మారుతుంది.

పెంపకం

కాన్పు నాలుగు వారాలకోసారి. మచ్చ నల్లబడి, పొట్ట పలకలుగా తేలి, చేప ఓ మూల కదలక నిలబడిందంటే గంటల్లోనో మర్నాటికో కంటుంది. పిల్ల చుట్టుకుపోయిన చుక్కలా జారిపడి, అడుగున ఒక్క క్షణం ఆగి, ఒళ్లు విప్పుకుని, ఆకుల్లోకి దూసుకుపోతుంది. దూసుకుపోకపోతే తల్లే మింగేస్తుంది. కాన్పుకు ఇరవై నుంచి అరవై దాకా పుడితే గట్టిగా మిగిలేవి దాగడానికి చోటు దొరికినవే. ఆ చోటుకోసం దుకాణంలో ప్లాస్టిక్ మొక్కలు కొనక్కర్లేదు. చంద్రపూర్ రామాలా చెరువును పట్టి పీడించిన గుర్రపుడెక్క మొక్క ఒక్కటి చాలు. వేళ్లు కుచ్చులా కిందికి వేలాడుతాయి, పిల్లలు వాటి సందుల్లో బతికిపోతాయి. తెచ్చేటప్పుడు వేళ్లు బాగా కడగాలి. తొట్టిలో అవసరం తీరిన మొక్కను తిరిగి చెరువులో పారెయ్యకూడదు, ఎండబెట్టి చెత్తలో వెయ్యాలి.

పిల్లలకు తిండి: ఉడికించిన గుడ్డు పచ్చసొనను పలుచని గుడ్డలో మూటకట్టి నీళ్లలో ఓసారి పిండితే మేఘంలా దిగుతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు, చిటికెడు. మిగిలిన సొన కుళ్లుతుంది, పిల్లలు చచ్చేది దానివల్లే. కొత్త తొట్టిలో పెద్ద చేపలు చచ్చేదీ ఇంచుమించు ఇందువల్లే. చేపల మలం, మిగిలిన తిండి అమ్మోనియాగా మారతాయి. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హానిచెయ్యని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్న సాయంత్రమే ఇరవై చేపలు వెయ్యడం, వారానికోసారి ఫిల్టర్‌ను కుళాయి కింద తోమి మెరిపించడం, ఈ రెండూ ఆ బ్యాక్టీరియా మీద చేసే దాడులే. నీళ్లు మొత్తం మార్చకూడదు. వారానికి పావు వంతు తీసి, ఒకరోజు బకెట్లో నిలవ ఉంచి క్లోరిన్ పోగొట్టిన కొత్త నీళ్లు పొయ్యాలి.

బోరునీరు కరకుగా ఉన్నచోట సున్నపు మరకలు గాజు మీద తేలతాయి. గప్పీకి ఆ నీరే ఇష్టం. నియాన్ టెట్రా వంటి మెత్తని నీటి చేపల్ని కొనుక్కుని వారంలో పోగొట్టుకునే ఇంట్లో గప్పీలు సంసారం పెంచుకుంటాయి.

ఇక ఎండ. 25 డిగ్రీల దగ్గర లీటరు నీరు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పట్టుకోగలదు, 35 దగ్గర 7 దాకానే. చేపకేమో వేడిలో ఊపిరి ఎక్కువ కావాలి. మే మధ్యాహ్నం కరెంటు పోయి గాలి మోటారు ఆగితే పెద్ద ఆడచేపలు ముందు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మంచుగడ్డలు నేరుగా పడెయ్యడం ప్రమాదం, ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది. మూత తీసి, తొట్టిని కూలర్ గాలి సోకే గదిలో ఉంచితే ఆవిరయ్యే నీరే తొట్టిని చల్లబరుస్తుంది. ఆవిరైన మేరకు కాచి చల్లార్చిన నీరు కాదు, ఆర్‌ఓ నీరో వాననీరో కలపాలి. లేదంటే లవణాలు చిక్కబడిపోతాయి. ఈ పరీక్షలో మాస్కో బ్లూ ఓడిపోయి, ఆరోగ్య కేంద్రం తొట్టి నుంచి తెచ్చిన బూడిదరంగు గప్పీ నెగ్గడం మామూలే. రంగుకోసం దగ్గరి చుట్టాలనే పదే పదే జతకలిపిన వంశాల్లో గట్టితనం సడలిపోతుంది.

బయటికి వదిలితే

1976లో జాన్ ఎండ్లర్ ట్రినిడాడ్‌లో వేటచేపలున్న వాగు నుంచి గప్పీల్ని తీసి, వేటచేపలు పెద్దగా లేని పాయలో వదిలాడు. రెండేళ్లలో, పదిహేను తరాల్లో, మగ గప్పీల చుక్కలు పెరిగి రంగులు తేలాయి. శత్రువులున్నచోట అవే మసకబారతాయి. ఇంటి తొట్టిలో మెరిసిన తోక చెరువులో కొరమీను కంట పడితే ఎన్నాళ్లుంటుందో చెప్పనక్కర్లేదు.

మసకబారి బతికిపోతే మరో సమస్య. గప్పీ స్థానిక చేపల తిండిని పంచుకుంటుంది, వాటి పిల్లల్నీ తినేస్తుంది. అక్వేరియం నుంచి బయటపడ్డ సక్కర్ క్యాట్‌ఫిష్ ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో వలలు చించి, దెయ్యం చేప అనిపించుకున్న సంగతి మత్స్యకారులకు తెలుసు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు ఆ చేప జాడను నీటిలో మిగిలిన డీఎన్‌ఏతో పసిగట్టే పరీక్షను రూపొందించారు. కాబట్టి గప్పీకి మురుగుకాలువ, మూసిన తొట్టి సరే. ఇరయి నది, జునోనా చెరువు, తాడోబా పరిసరాల వాగులు కూడదు. అక్కడ లార్వాలు తినడానికి మన చేపలున్నాయి. వాటిలో పంచాక్స్ ఒకటి. 1822లో బుకానన్ హామిల్టన్ గంగానది చేపల పుస్తకంలో వర్ణించిన ఈ చిన్న చేపకు నడినెత్తిన వెండిచుక్క ఉంటుంది, నీటి పైపొర కిందే తిరుగుతుంది. పైనుంచి చూసినవాళ్లకు చేప కనిపించదు, చుక్కే కదులుతుంది.