పనిముట్టు వివరణ: ఎడ్‌శాక్ నుంచి కృత్రిమ మేధ దాకా

ఒక పనిముట్టును వాడటానికి దానిపై రాసిన నాలుగు వాక్యాలే మీకు ఆధారమైతే, అవి ఎంత స్పష్టంగా ఉండాలి? కంప్యూటర్ చరిత్రలో ఇది పాత ప్రశ్నే.

1949లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్‌శాక్ కంప్యూటర్ పనిచేయడం మొదలుపెట్టింది. తరచూ అవసరమయ్యే లెక్కలకు అక్కడివారు సబ్‌రొటీన్లు అనే చిన్న ప్రోగ్రాములు రాసి భద్రపరిచారు. విల్క్స్, వీలర్, గిల్ 1951లో ప్రచురించిన పుస్తకంలో వాటి వివరణలూ చేర్చారు. రాసినవారు పక్కన లేకున్నా ఇతరులు వాటిని వాడుకోగలగాలి కదా!

1971 నవంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ తొలి మాన్యువల్‌ను వెలువరించారు. పేరు, వాడే పద్ధతి, వివరణ, పొరపాటు జరిగితే వచ్చే సందేశాలు, తెలిసిన లోపాలు - ఇలాంటి భాగాలు అందులో వరుసగా ఉండేవి. లోపాలకు కూడా చోటివ్వడం గమనించండి.

నేడు ఇలాంటి వివరణలను యంత్రం కూడా చదువుతోంది. ప్రోగ్రాములు రాయడంలో తోడ్పడే కృత్రిమ మేధకు ఫైళ్లు చదవడానికి, వెతకడానికి, తొలగించడానికి పనిముట్లు, అంటే టూల్స్, ఇస్తారు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ఇందుకొక పద్ధతి. ఏ టూల్ వాడాలో కృత్రిమ మేధ ప్రధానంగా దాని పేరు, వివరణ చూసే నిర్ణయించుకుంటుంది.

“ఫైళ్లను శుభ్రం చేస్తుంది” అని రాశారనుకోండి. అక్షరాల మధ్య ఖాళీలు సరిచేయడమా, ఫైళ్లనే చెరిపేయడమా? “ఫైలును శాశ్వతంగా తొలగిస్తుంది, తిరిగి తెచ్చుకోలేం, అనుమతి తీసుకున్నాకే వాడాలి” అంటే సందేహం ఉండదు.

కనుక ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో, విఫలమైతే ఏం చెబుతుందో రాయండి. అస్పష్టమైన ఒక్క మాటకు ఒకరి నెలల శ్రమ చెరిగిపోవచ్చు.