చొరవ నేర్పితే వస్తుందా?

చిన్న కొట్టుతో మొదలుపెట్టిన మనిషి పదేళ్లలో ఫ్యాక్టరీ యజమాని అయితే "వాళ్ల రక్తంలోనే వ్యాపారం ఉందండీ" అంటాం. చదువుకున్న కుర్రాడు సొంతంగా ఏదైనా పెడతానంటే "మన ఇంటావంటా లేని వ్యాపారం నీకెందుకురా" అని ఇంట్లో అడ్డుపడతారు. ఈ రెండు మాటల వెనకా ఉన్న నమ్మకం ఒకటే. వ్యాపార దక్షత పుట్టుకతో రావాల్సిందే కానీ నేర్చుకుంటే వచ్చేది కాదని. ఈ నమ్మకాన్ని పద్ధతిగా పరీక్షకు పెట్టిన సందర్భం ఒకటి 1964లో మన కాకినాడ వ్యాపారులతోనే మొదలైంది. కామర్స్ విద్యార్థులు 'కాకినాడ ప్రయోగం' పేరుతో షార్ట్ నోట్‌గా చదివే ఆ ఉదంతం విలువ తెలియాలంటే, అంతకు ముందు పండితులు వ్యాపారిని ఎలా చూశారో, ఆ తర్వాత ఆ చూపు ఎలా మారిందో కలిపి చదవాలి.

వ్యాపారి అంటే ఎవరు?

అర్థశాస్త్రంలో వ్యాపారికి మొదట పెద్దపీట వేసినవాళ్లలో రిచర్డ్ కాంటిలన్ ఒకరు. ఐర్లండ్‌లో పుట్టి పారిస్‌లో బ్యాంకు నడిపిన మనిషి. ఆయన పోయాక, 1755లో అచ్చయిన గ్రంథంలో వ్యాపారికి చెప్పిన గుర్తు చాలా సూటిగా ఉంటుంది: తెలిసిన ధరకు కొంటాడు, ఎంతకు పోతుందో తెలియని సరుకు అమ్ముతాడు. ఆ లెక్కన పంట వేసే రైతు కూడా ఇదే కోవలోకి వస్తాడని ఆయన గుర్తించారు. 1921లో అమెరికా ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ ఈ ఆలోచనకు పదును పెట్టారు. లెక్కకు అందే ప్రమాదం వేరు, ఏ లెక్కకూ అందని అనిశ్చితి వేరు. మొదటిదానికి బీమా చేయించుకోవచ్చు. రెండోదాన్ని ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి. లాభం అలా వేసుకున్నందుకు దక్కే ప్రతిఫలమని నైట్ వాదన.

ఈ మధ్యలో, 1911లో, ఆస్ట్రియా ఆర్థికవేత్త జోసెఫ్ షుంపీటర్ మరో కోణం చూపించారు. ఆయన దృష్టిలో వ్యాపారి అసలు పని కొత్తదనం తేవడం. కొత్త సరుకు, కొత్త తయారీ పద్ధతి, కొత్త మార్కెట్, ముడిసరుకు దొరికే కొత్త చోటు, పరిశ్రమను నడిపే కొత్త ఏర్పాటు అని దాన్ని అయిదు రకాలుగా చెప్పారు. ఒక వస్తువును కనిపెట్టడం ఒక పని, దాన్ని బజారుకు తెచ్చి నిలబెట్టడం ఇంకో పని అని విడదీసి చూపించారు. ఇవాళ ప్రతి కంపెనీ వార్షిక నివేదికలోనూ కనిపించే 'ఇన్నొవేషన్' అన్న మాటకు మేధోపరమైన పునాది అక్కడే పడింది. కొత్తది వస్తూ పాతదాన్ని కూల్చే ఈ క్రమానికి 'సృజనాత్మక విధ్వంసం' అన్న పేరును 1942లో ప్రచారంలోకి తెచ్చిందీ ఆయనే.

మరి అలాంటి మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? షుంపీటర్ వాళ్లను అరుదైన వ్యక్తులుగానే చూశారు. జర్మన్ సామాజికవేత్త మాక్స్ వేబర్ 1904-05లో ప్రొటెస్టెంట్ మత విలువలకూ పెట్టుబడిదారీ విధానానికీ ముడిపెట్టారు. తర్వాత భారతీయ మతాల మీద రాస్తూ, కుల వ్యవస్థా కర్మ సిద్ధాంతమూ ఇక్కడ అలాంటి విధానం పుట్టకుండా అడ్డుపడ్డాయన్నారు. జనం రక్తం అన్నచోట పండితులు సంస్కృతి అన్నారు. ఎలా చూసినా, అందులో పుట్టనివాడికి దారి మూసుకుపోయినట్టే.

హైదరాబాద్ శిక్షణ తరగతిలో

ఆ మూసిన తలుపు తట్టింది హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలండ్. ఏదైనా పనిని ముందుకన్నా మెరుగ్గా చేయాలన్న తపనను, అంటే 'సాధనా ప్రేరణ'ను, కొలిచే పద్ధతిని ఆయనా సహచరులూ తయారు చేశారు. ఒక బొమ్మ చూపించి కథ రాయమంటారు. ఆ కథలో మనుషులు లక్ష్యం పెట్టుకున్నారా, అడ్డంకిని ముందే ఊహించారా, దాటే మార్గం వెతికారా అని చూసి మార్కులు వేస్తారు. ఇదే పద్ధతిలో ఆయన పలు దేశాల పిల్లల వాచకాల్లోని కథలను కూడా బేరీజు వేసి, ఆ దేశాల విద్యుత్ రంగ వృద్ధితో పోల్చి చూశారు. 1961లో వచ్చిన 'ది అచీవింగ్ సొసైటీ' ఆ పరిశోధన ఫలితమే.

ఈ తపన ఉన్నచోట అభివృద్ధి ఉంటుందని తేలితే సరిపోదు, లేనిచోట కలిగించగలమా అన్నది తేలాలి. అప్పటికే చిన్న పరిశ్రమల కోసం కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన శిక్షణ సంస్థ 'సియెట్' హైదరాబాద్‌కు తరలి వచ్చింది. నేడు యూసుఫ్‌గూడలో ఎంఎస్‌ఎంఈ జాతీయ సంస్థగా ఉన్నది అదే. మెక్‌లెలండ్ బృందం ఆ సంస్థతో కలిసి కాకినాడ నుంచి యాభై మందికి పైగా వ్యాపారులను విడతలుగా పిలిపించి శిక్షణ ఇచ్చింది. తర్వాత వెల్లూరు వ్యాపారులకూ ఇలాగే ఇచ్చింది.

ఆ తరగతుల్లో పద్దులు రాయడం, పన్నులు కట్టడం ప్రధాన పాఠాలు కావు. వ్యాపారులు తాము రాసిన కథలను తామే దిద్దుకుని మార్కులు వేసుకున్నారు. రింగులు విసిరి కొయ్యకు తగిలించే ఆట ఆడారు. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. కొయ్య పక్కనే నిలబడితే గెలుపు ఖాయం, అందులో గొప్పేమీ లేదు. మరీ దూరం పోతే అంతా అదృష్టం. కాస్త కష్టపడితే అందే దూరాన్ని ఎంచుకుని, తగలకపోతే అడుగు ముందుకో వెనక్కో జరిగే మనిషిలోనే సాధనా ప్రేరణ ఎక్కువని పరిశోధకుల అంచనా. తాను ఎక్కడ నిలబడుతున్నాడో చూసుకున్న వ్యాపారికి, అప్పు తెచ్చేటప్పుడూ సరుకు దించేటప్పుడూ తన తీరు ఏమిటో తెలిసివస్తుంది. చివరగా ప్రతి ఒక్కరూ ఊరెళ్లాక ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో కాగితం మీద పెట్టుకున్నారు.

ఆ తర్వాత రెండేళ్లు వాళ్ల వ్యాపారాలను గమనించారు. ఎక్కువ గంటలు పనిచేశారా, కొత్త పెట్టుబడి పెట్టారా, ఇంకో వ్యాపారం మొదలుపెట్టారా, మరికొందరికి పని ఇచ్చారా అని అడిగి తెలుసుకున్నారు. శిక్షణకు ముందు ఇలాంటి చురుకు చూపినవాళ్లు సుమారు ఐదుగురిలో ఒకరు. శిక్షణ తర్వాత దాదాపు సగం మందిలో ఆ చురుకు కనిపించింది. రాజమండ్రి వాళ్లతో సహా శిక్షణ పొందని వ్యాపారుల్లో మాత్రం అది పావు వంతు దగ్గరే నిలిచింది. మెక్‌లెలండ్, డేవిడ్ వింటర్ 1969లో ఈ ఫలితాలను పుస్తకంగా తెచ్చారు. సంప్రదాయ ఆచారాలు పాటించడం ఈ మార్పుకు అడ్డు కాలేదని అందులో తేలింది. బొట్టు పెట్టుకుని, ముహూర్తం చూసుకుని దుకాణం తెరిచే మనిషి కూడా కొత్తగా ఆలోచించగలడన్నమాట.

ఇంకో విషయం కూడా బయటపడింది. శిక్షణ ఫలితం ప్రధానంగా సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవాళ్లలోనే కనిపించింది. పెత్తనం మరొకరి చేతిలో ఉన్నవాళ్లలో తపన పెరిగినా పని కదల్లేదు. నా దృష్టిలో కాకినాడ ప్రయోగంలో అందరికన్నా తక్కువ చర్చకు వచ్చిందీ, ఎక్కువ పట్టించుకోవాల్సిందీ ఇదే.

కాకినాడ తర్వాత

ఈ ఆలోచన మన దేశంలో గుజరాత్‌లో బాగా వేళ్లూనుకుంది. అక్కడి ప్రభుత్వ పారిశ్రామిక సంస్థలు 1970లో కొత్తవాళ్లకు శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టాయి. సాధనా ప్రేరణ పాఠాలకు ప్రాజెక్టు ఎంపికను, బ్యాంకు రుణాన్ని, స్థలాన్ని, అనుమతులను జోడించాయి. ఆ అనుభవంతోనే 1983లో అహ్మదాబాద్‌లో జాతీయ స్థాయి సంస్థ 'ఈడీఐ' వచ్చింది. తపన ఒక్కటే చాలదన్న కాకినాడ పాఠాన్ని గుజరాత్ ఆచరణలో పెట్టింది.

పాశ్చాత్య ప్రపంచంలోనూ చూపు మారింది. ఇన్నొవేషన్ ఎవరి జన్యువుల్లోనో ఉండేది కాదు, నేర్చుకుని సాధన చేయదగిన విద్య అని పీటర్ డ్రకర్ 1985లో రాశారు. వ్యాపారి ఎలాంటి మనిషి అన్నది అడగాల్సిన ప్రశ్నే కాదని, వ్యాపారాన్ని ఎలా నిలబెడుతున్నాడో చూడాలని విలియం గార్ట్‌నర్ 1988లో వాదించారు. మన దేశం నుంచి వెళ్లిన సరస్ సరస్వతి, హెర్బర్ట్ సైమన్ శిష్యురాలు, ఆ పని చేసి చూపించారు. కంపెనీలు స్థాపించి అనుభవం గడించిన 27 మందికి ఒకే సమస్య ఇచ్చి, ఆలోచిస్తున్నదంతా పైకి చెప్పమన్నారు. వాళ్లు ఎంత లాభం వస్తుందన్న అంచనాతో మొదలుపెట్టలేదు. నా చేతిలో ఏముంది, నాకు ఎవరు తెలుసు, పోతే ఎంత వరకు తట్టుకోగలను అన్న దగ్గర మొదలుపెట్టారు. 2001లో ఆమె ప్రతిపాదించిన ఈ ఆలోచనా సరళి ఇప్పుడు బిజినెస్ స్కూళ్లలో పాఠం.

2017లో 'సైన్స్' పత్రికలో ఆఫ్రికా దేశమైన టోగో మీద ఒక అధ్యయనం వచ్చింది. 1,500 మంది చిరువ్యాపారులను మూడు బృందాలు చేసి, ఒక బృందానికి పద్దులు, మార్కెటింగ్ వంటి మామూలు వ్యాపార పాఠాలు చెప్పారు. ఇంకో బృందానికి చొరవ తీసుకోవడం, ముందుచూపు, అడ్డంకి ఎదురైనా పట్టు వదలకపోవడం నేర్పారు. మూడో బృందానికి ఏ శిక్షణా లేదు. చొరవ నేర్చుకున్నవాళ్ల లాభాలు శిక్షణ లేనివాళ్లకన్నా 30 శాతం పెరిగాయి. మామూలు పాఠాలు విన్నవాళ్లలో కనిపించిన పెరుగుదల గణాంకపరంగా నికరంగా చెప్పదగ్గది కాదు. కాకినాడలో వేసిన ప్రశ్నకు అర్ధశతాబ్దం తర్వాత, మరింత కట్టుదిట్టమైన పద్ధతిలో, దాదాపు అదే జవాబు వచ్చింది.

మనం చేయాల్సింది

హైదరాబాద్‌లో స్టార్టప్‌ల కోసం 2015లో టీ-హబ్, 2018లో మహిళల కోసం వీ-హబ్ వచ్చాయి. మంచిదే. అయితే కాకినాడ ప్రయోగం ఐఐటీ పట్టభద్రుల మీదో, పెట్టుబడిదారులను ఒప్పించగల వాగ్ధాటి ఉన్నవాళ్ల మీదో జరిగింది కాదు. ఒక జిల్లా కేంద్రంలో కొట్లు, చిన్న పరిశ్రమలు నడుపుకునే మామూలు మనుషుల మీద జరిగింది. మన దగ్గర ఉద్యోగాలు ఇచ్చేవాళ్లలో అలాంటివాళ్లే ఎక్కువ. వాళ్ల దాకా ఈ శిక్షణ ఇప్పటికీ అరకొరగానే చేరుతోంది. చేరినచోట కూడా సర్టిఫికెట్ చేతికివ్వడంతో ఆగితే లాభం లేదు. డ్వాక్రా మహిళ పేరు మీద రుణం తీసి నిర్ణయాలు ఇంట్లో ఇంకొకరు చేస్తే, ఆమెకు ఎంత నేర్పినా కాకినాడలో పెత్తనం లేని వ్యాపారులకు జరిగిందే జరుగుతుంది.

చొరవ నేర్పితే వస్తుంది. దానికి ఆధారాలున్నాయి, అందులో తొలినాటిది మన గడ్డ మీదే దొరికింది. నేర్చుకున్న మనిషికి డబ్బు మీదా నిర్ణయం మీదా హక్కు కూడా ఇస్తేనే అది వ్యాపారమై, పదిమందికి పనవుతుంది. ఏ శిక్షణ పథకాన్నయినా తూచాల్సింది ఈ తూకంతోనే.