వేంగి రాజగృహ రహస్యములు

అపరాధపరిశోధక నవలలు మన యిండ్లలో మిక్కిలి ప్రీతితో చదువబడుచున్నవి. పెద్ద లోగిలి, సవతి బిడ్డలు, అకస్మాత్తుగా గతించిన యజమానుడు, కనబడని వీలునామా: వీనితో కథ నడచును. లేశమైనను కల్పన లేని యిట్టి కథ యొకటి మన కాళ్లక్రిందనే యున్నది. ఏలూరునుండి తాడేపల్లిగూడెమునకు రైలులో పోవుచు దెందులూరు చేరునప్పటికి కుడిప్రక్కన కొల్లేటి పల్లము, ఎడమప్రక్కన పెదవేగి మెరక. ఆ పెదవేగియే పూర్వచాళుక్యుల వేంగి.

వారి తామ్రశాసనముల కొక విచిత్ర స్వభావము కలదు. భూమి నెవరి కిచ్చినను ముందుగా వంశావళి చెప్పి, ఏ రాజెంతకాల మేలెనో లెక్కగట్టి వ్రాయుదురు. ఎట్లు మరణించెనో చాలచోట్ల చెప్పరు. కావున నా లెక్కయే మనకు సాక్షి. చాళుక్యభీముడు 30 సంవత్సరము లేలెను. 929 ప్రాంతమున నతని మనుమడు అమ్మరాజు గతించినపిమ్మట లెక్క తీరు మారినది. అమ్మరాజు కుమారుడు, బాలుడగు బేత విజయాదిత్యుడు 15 దినములు. వానిని వెడలగొట్టిన జ్ఞాతి తాళరాజు ఒక నెల. తాళుని జంపిన విక్రమాదిత్యుడు కొన్ని శాసనములలో 9 నెలలు, కొన్నింట 11 నెలలు. పిదప భీముడు 8 నెలలు. ఏండ్లు నెలలైనచోట నెల్ల కత్తి దిగినదని గ్రహింపవలెను.

ఇంత వైరమున కేమి కారణము? రాజ్యకాంక్ష యని చెప్పి యూరకుండుట సులభము. కాని శాసనములలో ‘ద్వైమాతురుడు’ అను చిన్న మాట యున్నది. వేఱు తల్లికి బుట్టిన సోదరుడని యర్థము. 934లో సింహాసన మెక్కిన రెండవ భీముడు మొదటి అమ్మరాజున కట్టివాడే. అతని కొడుకు రెండవ అమ్మరాజునకు దానార్ణవుడు నట్టివాడే. బహుభార్యాత్వము రాజులకు శోభయని పొగడువారీ యొక్క మాటను నిదానముగా చదువుదురుగాక! పట్టపుదేవుల పేళ్లు శాసనములలో ఘనముగా నున్నవి. తమ బిడ్డల ప్రాణములకై వా రెన్ని రాత్రులు మేల్కొనిరో యే రేకునను లేదు.

దానార్ణవుడు 973లో జటాచోడ భీమునిచే నిహతుడయ్యెను. తరువాతి శాసనములు చంపినవాని పేరెత్తక, దైవము ప్రతికూలించి వేంగి 27 సంవత్సరములు నాయకుడు లేక యుండెనని మాత్రము చెప్పును. ఆ కాలమంతయు నేలినవాడు ఆ హంతకుడే! దానార్ణవుని కుమారులు చోళుల నాశ్రయించి బ్రదికిరి. వారిలో చిన్నవాడగు విమలాదిత్యుని పుత్రుడే నన్నయను పోషించిన రాజరాజు.

15 దినములేలిన యా బాలుడు? తాళరాజు చేతిలో చచ్చెననియే చదువరి తలంచును. కాని 1202 నాటి పిఠాపుర స్తంభశాసనమున మల్లపదేవుడను రాజు తన వంశమును జెప్పుకొనుచు, ఆ బేత విజయాదిత్యునే మూలపురుషులలో నొకనిగా పేర్కొనియున్నాడు.