సిగరెట్టు కాలినంత సేపు

1930 ప్రాంతమున పారిస్ నగరపు వంతెనల చెంతనో, గ్యాసుదీపముల వెలుగు తడిసిన రాళ్ళపై జారుచున్న ఏ నిర్మానుష్య వీథి మొగదలనో, అర్ధరాత్రి దాటిన పిమ్మట ఒక మనుష్యుడు ముక్కాలి స్టాండుపై చిన్న ప్లేటు కెమెరాను నిలిపి, గురిచూచి, షట్టరు తెరచి, వెంటనే జేబులోనుండి సిగరెట్టు తీసి ముట్టించుకొని, అది చివరంట కాలువరకు కదలక మెదలక దాని ప్రక్కనే నిలుచుండెడివాడు. దారినపోవువారికి ఇది వింతగా తోచియుండవచ్చును. కాని ఆ సిగరెట్టే ఆయనకు గడియారము. మన పెద్దలు తాంబూలము నమిలినంత సేపనియు, కునుకు తీసినంత సేపనియు కాలమును కొలిచినట్లే, ఆయన కొంత వెలుతురు గల చోట గోలువాజ్ సిగరెట్టుతోను, చీకటి మరింత చిక్కనైన చోట బొయార్ సిగరెట్టుతోను ఎక్స్‌పోజరును కొలుచుకొనెడివాడు. ఆయన పేరు గ్యూలా హలాస్. 1899లో ట్రాన్సిల్వేనియాలోని బ్రషో పట్టణమున జన్మించి, 1924లో పారిస్ చేరి, పుట్టిన ఊరి పేరునే తన పేరుగా మలచుకొని బ్రసాయి అయిన హంగేరీయుడు.

బ్రసాయి చేతనున్నది ఫోక్ట్‌లెండర్ వారి బెర్గ్‌హైల్ కెమెరా. ప్లేటు వెడల్పు ఆరున్నర సెంటీమీటర్లు, పొడవు తొమ్మిది. దానికి బిగించినది ఎఫ్ 4.5 హేలియార్ లెన్సు. రాత్రివేళ పనికి దీనిని ఎవరైనను స్లో లెన్సు అనియే అందురు. లెన్సునకు వేగమేమి, అది పరుగెత్తునా యని అడుగువారు లేకపోలేదు గనుక ఒకమాట చెప్పవలసియున్నది. లెన్సుయొక్క నాభ్యంతరమును, వెలుతురు చొచ్చు ద్వారపు వ్యాసముతో భాగింపగా వచ్చునదే ఈ ఎఫ్ అంకె. అంకె చిన్నదగు కొలది ద్వారము పెద్దదగును, వెలుతురు హెచ్చును, షట్టరు అంత త్వరగా మూయవచ్చును. ఆ హెచ్చుట కూడ వర్గక్రమమున హెచ్చును గనుక, ఎఫ్ 4 కన్న ఎఫ్ 2 రెండింతలు గాక నాలుగింతల వెలుతురును లోనికి పంపును. బ్రసాయి చేతి ఎఫ్ 4.5తో పోల్చినచో ఎఫ్ 1.8 లెన్సు ఆరింతలకు పైబడి వెలుతురును త్రాగును. అట్టి లెన్సు అప్పటికి లేదా యన్నచో, ఉన్నది.

అయితే ఆ కథకు ముందొక కథ కలదు. 1838లో ఫొటోగ్రఫీ ఆద్యులలో ఒకడైన డాగేర్ పారిస్‌లోని తన కిటికీనుండి బులేవార్ ద్యు టాంప్ల్ అను రాజవీథిని పట్టపగలు ప్లేటుపైకి ఎక్కించినప్పుడు, బండ్లతోను జనముతోను క్రిక్కిరిసియుండవలసిన ఆ వీథి, దీర్ఘమైన ఎక్స్‌పోజరులో కదలినదేదియు ప్లేటున నిలువనందున, శూన్యముగా వచ్చెను. బూట్లు తుడిపించుకొనుచు ఒకచోట కదలక నిలిచిన ఒక్కడును, ఆ తుడుచువాడును మాత్రమే మిగిలిరి. సూర్యుడుండగనే ఈ గతి పట్టిన విద్యకు రాత్రి మాట ఎత్తుటయే సాహసము. 1840లో వియన్నాలో గణితాచార్యుడైన యోజెఫ్ పెట్స్‌వాల్, ఫిరంగి దళమునందు లెక్కలు కట్టుటలో ఆరితేరిన సైనికులను సహాయముగా పొంది, కిరణముల వంపులను కాగితముమీదనే గణించి, సుమారు ఎఫ్ 3.6 లెన్సును నిర్మింపజేసెను. డాగేర్ కాలపు లెన్సులకన్న అది పదునైదు రెట్లకు మించి వేగముగలది. దానిని తయారుచేసి అమ్మినవారు ఆ ఫోక్ట్‌లెండర్ వారే. లోకపు తొలి ఫాస్టు లెన్సును గాజునుండి తీర్చిన ఇంటనే, తొంబది యేండ్ల తరువాత బ్రసాయి ఓపికతో మోసిన మందగామియు పుట్టుట నాకు సరదాగా తోచును.

ఇక ఎఫ్ 1.8 సంగతి. డ్రెస్డెన్ నగరమున ఎర్నెమన్ కంపెనీ 1924లో ఎర్మనాక్స్ అను కెమెరాను విపణికి తెచ్చెను. చూచుటకది కెమెరాకు లెన్సు తగిలించినట్లుండదు, పెద్ద లెన్సు వెనుక చిన్న డబ్బా తగిలించినట్లుండును. ఆ లెన్సు పేరు ఎర్నోస్టార్. మొదట ఎఫ్ 2, పిదప ఎఫ్ 1.8. దాని రూపకర్త లుడ్‌విగ్ బెర్టెలె అప్పటికి ఇరువదిమూడేండ్ల యువకుడు. కంటికి కనబడునదెల్ల ఇక ఫొటోకును దక్కునని కంపెనీవారు చాటుకొనిరి. అమ్మువారి మాటలలో సగము తీసివేయుట మన అలవాటే యైనను, ఈ మాటను నిజము చేసి చూపినవాడొకడు బెర్లినులో దొరకెను.

ఎరిక్ సాలమన్ 1886లో జన్మించిన న్యాయశాస్త్ర పట్టభద్రుడు. ఉల్‌స్టైన్ ప్రచురణ సంస్థవారి ప్రకటనల విభాగమున పనిచేయుచు, నలుబది దాటిన తరువాత కెమెరా పట్టినవాడు. 1928లో బెర్లిను న్యాయస్థానమున ఒక హత్యానేరపు విచారణ జరుగుచుండగా, ఫొటోలు నిషిద్ధములైన ఆ సభలోనికి గుండ్రని టోపీలో రంధ్రము చేసి, అందు ఎర్మనాక్స్‌ను దాచి తీసికొనిపోయి, పని ముగించుకొని వచ్చెను. తదుపరి ఆయన తలుపులు మూసిన మంతనములకును, విందులకును, అంతర్జాతీయ సమావేశములకును సూటుబూట్లతో ప్రవేశించుట మొదలిడెను. 1930లో హేగ్ నగరమున సమావేశము అర్ధరాత్రి దాటి సాగగా, కుర్చీలలో జారగిలబడి కునుకుపాట్లు పడుచున్న జర్మను, ఫ్రెంచి మంత్రులను ఆయన గదిలోని దీపకాంతిలోనే పట్టుకొనెను. ఫ్లాషుపొడి భగ్గుమని, గది పొగతో నిండి, మంత్రులందరు మీసములు సవరించుకొని రాతిబొమ్మలవలె కూర్చుండు పాతపద్ధతి ఫొటోలు చూచిన కనులకు ఇది ఎట్లుండెనో ఊహించుకొనవచ్చును. ఫ్రెంచి రాజనీతిజ్ఞుడు ఆరిస్టీడ్ బ్రియాన్ ఆయనకు మర్యాదలు మీరినవారి రాజు అను బిరుదమిచ్చెను. 1931లో ఒక విందున సాలమన్‌ను గుర్తుపట్టి ఆయనవైపే వ్రేలుచూపుచున్న బ్రియాన్ ఫొటో నేటికిని ప్రసిద్ధము.

కాని ఈ ఫాస్టు లెన్సునకు చెల్లించు సుంకము తక్కువది కాదు. ఎనుబదియైదు మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 1.8కు తెరచి మూడు మీటర్ల దూరమున గురిచూచినచో, స్పష్టముగా వచ్చు లోతు జానెడైనను ఉండదు. మంత్రిగారి ముక్కు దొరికినచో వెనుకనున్న కార్యదర్శి మసకబారిపోవును. పైగా ఆనాటి ఫిలిము, ప్లేట్లు వెలుతురును గ్రహించు వేగములో నేటి 400 ఫిలిమునకు చాల దిగువన ఉండినవి గనుక, అంత వెలుతురు త్రాగు లెన్సుతోనైనను సాలమన్ తరచు స్టాండు నిలిపి, అర సెకను దాక ఎక్స్‌పోజరు ఇచ్చి, మాట్లాడుచున్నవాడు ఊపిరి తీసికొను ఆ కాస్త విరామముకొరకు కాచుకొని కూర్చుండవలసివచ్చెను. మెరుపు వేగముగల లెన్సు చేతనున్నను ఆయన పనిలో సగము ఎదురుచూపే.

బ్రసాయి ఎదుర్కొన్న లెక్క వేరు. వంతెన కదలదు, దీపస్తంభము కదలదు, మంచు మెల్లగా కదలును. అట్టిచోట ద్వారము పెద్దదైన లాభమేమి? ఐదు నిమిషములకు బదులు ఒక నిమిషములో ముగియుట తప్ప వేరు లేదు. నష్టమో, చిత్రపు అంచులయందలి దీపములు గుండ్రదనము వీడి, రెక్కలు చాచిన పక్షులవలె సాగుట. ఫాస్టు లెన్సులను పూర్తిగా తెరచినపుడు పుట్టు ఈ దోషము పగటి ఫొటోలలో ఎవరికిని కానరాదు. నల్లని ఆకాశమున తెల్లని బిందువులు గల రాత్రి ఫొటోలలో మొట్టమొదట కంటపడునది అదియే. బ్రసాయి దీపమును నేరుగా చూపక చెట్టు బోదె వెనుకనో స్తంభము వెనుకనో దాచి, వాన, పొగమంచు గల రాత్రులను కోరి ఎన్నుకొని, నలుపు తెలుపుల నడుమనున్న అగాధమును ఆ తేమచేతనే పూడ్చుకొనెను. 1932 చివర వెలువడిన ఆయన గ్రంథము ‘పారి ద నుయి’ తడిసిన వీథిరాళ్ళతో ఆరంభమగును; ఆ రాళ్ళలో ఒక్కొక్కటి విడివిడిగా మెరయుటకు కారణము ఆయన సిగరెట్టు కాలిన కాలమే.

అయితే అదే బ్రసాయి కల్లుపాకలవంటి చిన్న బారులలోనికి, నాట్యశాలలలోనికి పోయినప్పుడు సిగరెట్టు గడియారము చెల్లలేదు. త్రాగినవాడు స్తంభమువలె నిలువడు. అక్కడ ఆయన మెగ్నీషియము పొడిని వెలిగింపక తప్పలేదు. ఆ పేలుళ్ళను చూచి పికాసో ఆయనకు ఉగ్రవాది అని ముద్దుపేరు పెట్టెనట. పొడి వెలిగించువాడు చాటున దాగలేడు. ముందు పరిచయము చేసికొనవలెను, ఒక గ్లాసు త్రాగించవలెను, ఇదిగో తీయుచున్నానని చెప్పవలెను. సాలమన్ ఫొటోలలోని పెక్కుమందికి తాము చిక్కిన సంగతియే తెలియదు; బ్రసాయి ఫొటోలలోని వారు మాత్రము తెలిసి కూర్చుండిరి. స్లో లెన్సు మనిషిచేత అనుమతి అడిగించును. ఫాస్టు లెన్సు అడుగవలసిన అగత్యమును తప్పించును. కొనువారు ధరల పట్టిక చూచెదరు గాని, లెన్సు ఎంపికలోని అసలు బేరము ఇదియని నా తలంపు.

గాజు సంగతి కూడ కొంత చెప్పక తీరదు. గాలినుండి గాజులోనికి, గాజునుండి గాలిలోనికి వెలుతురు దాటిన ప్రతి పర్యాయము నూటికి నాలుగైదు పాళ్ళు వెనుదిరిగి పోవును. పూతలు లేని ఆ దినములలో పది తలములు గల లెన్సు నలుబది పాళ్ళ వరకు పోగొట్టుకొనెడిది. పోయిన వెలుతురు ఊరకుండదు. లోపలనే తారాడి, వీథిదీపమొక్కటియుండగా రెండవచోట దయ్యపుదీపమును వెలిగించును. అందుచేతనే బెర్టెలె, ఎర్నెమన్ మొదలగు కంపెనీలు విలీనమై జైస్ ఇకాన్ ఏర్పడిన తరువాత, 1932లో కాంటాక్స్ కెమెరాకు ఎఫ్ 1.5 సోనార్ లెన్సును కల్పించునపుడు, ఏడు గాజుముక్కలను మూడు గుంపులుగా అతికించి, గాలి తగులు తలములను ఆరింటికి కుదించెను. 1935లో జైస్ సంస్థయందే అలెగ్జాండర్ స్మాకులా పలుచని పూతను కనుగొన్న తరువాత ఈ బాధ చాలవరకు తీరినది.

ఫిలిము వాడువారికి మరొక చిక్కు కలదు. డిజిటల్ కెమెరాలవారికిది తెలియదు. కృష్ణబిలముల చర్చలో పేరు వినబడు కార్ల్ ష్వార్జ్‌షిల్డ్, పంతొమ్మిదవ శతాబ్దపు చివరి యేండ్లలో వియన్నాలోని ఒక వేధశాలయందు నక్షత్రముల ఫొటోలు పరీక్షించుచు, వెలుతురు సగమైనచో కాలము రెండింతలు చేసినంత మాత్రమున లెక్క సరిపోదని తేల్చెను: మందకాంతిలో ఫిలిము అలసిపోవును. కొడాక్ వారి ట్రై-ఎక్స్ ఫిలిమునకు మీటరు 10 సెకన్లని చూపినచోట 50 సెకన్లు ఈయవలెను. 100 సెకన్లని చూపినచోట 1200 సెకన్లు, అనగా ఇరువది నిమిషములు. ఇప్పుడు ఎఫ్ 8 చోట ఎఫ్ 2.5 వాడితిమనుకొందము. వెలుతురు పది రెట్లు హెచ్చును, మీటరు 100 బదులు 10 చూపును, కాని మనము నిలువవలసిన కాలము ఇరువది నిమిషములనుండి 50 సెకన్లకు, ఇరువదినాలుగవ వంతునకు, దిగును. కాగితముమీది లెక్కకన్న ఫాస్టు లెన్సు ఇచ్చు మేలు అధికమగు తావు ఇదియొక్కటియే.

మన తెలుగువారు మాత్రము వెన్నెల చిత్రములను ఈ బాధలేవియు లేకయే అనుభవించితిమి. సినిమా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే 1955లో ‘మిస్సమ్మ’యందును, 1957లో ‘మాయాబజార్’యందును కురిపించిన వెన్నెల చంద్రునినుండి దిగివచ్చినది కాదు, దీపములనుండి దిద్దినది, అయినను పౌర్ణమినాడు డాబామీద పండుకొన్నవారు ఆకాశమును చూచి బార్ట్లే వెన్నెలవలె నున్నదనుట నేను విన్నాను. సెట్టు వేసి వెలుతురు పోయగలవానికి ఫాస్టు లెన్సుతో పనిలేదు.

ఇటీవల మరల ఫిలిము పట్టుచున్న యువకులు, నోక్టిలక్స్ వంటి ఎఫ్ 1 లెన్సు లేనిదే రాత్రి ఫొటోగ్రఫీ కాదని బెంగపడుట చూచినప్పుడు నాకు జాలి కలుగును. 1976 ప్రాంతమున వాల్టర్ మాండ్లర్ తీర్చిన ఆ లెన్సు అద్భుతమే; కాని దానిని స్టాండు మీద పెట్టి ఎఫ్ 8కి మూసి గుడిగోపురము తీయువాడు ఏనుగునెక్కి పొరుగింటికి పోవువాడు. గోపురమునకు పాత ఎఫ్ 3.5 లెన్సు చాలును. జాతరలో దీపముల నడుమ ముఖములు కావలెనన్నచో ఎఫ్ 1.4, ఎఫ్ 1.8ల నడుమ ఏదైనను, 400 ఫిలిముతో, సరిపోవును.

వేగపు పరుగునకు కొసమెరుపు సినిమాలో కలదు. జైస్ సంస్థలో ఎర్హార్డ్ గ్లాట్జెల్ 1966లో ఎఫ్ 0.7 ప్లానార్ అను లెన్సును రూపొందింపగా, పదియే తయారైనవి. ఆరు అమెరికా అంతరిక్ష సంస్థకు పోయినవి, ఒకటి జైస్ వారే ఉంచుకొనిరి, మూడు స్టాన్లీ కూబ్రిక్ కొనెను. 1975 నాటి ‘బారీ లిండన్’ చిత్రమున పదునెనిమిదవ శతాబ్దపు గదులను కొవ్వొత్తుల వెలుగుననే చూపదలచి, ఆయన మిచెల్ కెమెరాను చెక్కించి, ఆ లెన్సును దానికి బిగింపించెను. ఒక్కొక్క కొవ్వొత్తికి మూడేసి వత్తులు పెట్టించెను. 100 వేగపు ఫిలిమును డెవలప్ చేయుటలో 200గా లాగించెను. వెలుతురు చాలినది. కాని నటుడు రెండు మీటర్ల దూరమున నున్నచో స్పష్టముగా వచ్చు లోతు మూడు నాలుగు వ్రేళ్ళ వెడల్పు. వంగినచో కన్ను చెదరును, వెనుకకు వాలినచో ముఖమే చెదరును. కావున పేకాట బల్ల చుట్టును ఆ వేషధారులందరు, డాగేర్ ప్లేటు ముందు కూర్చున్నవారివలె, కదలక మెదలక కూర్చుండిరి. కెమెరాకు అడ్డముగా, ప్రక్కనుండి, మరొక వీడియో కెమెరా నిలిపి, దాని తెరపై గీతలు గీచి, నటుడు ముందునకు వంగెనో వెనుకకు వాలెనో ఆ గీతలను బట్టి కనిపెట్టుచు ఫోకస్ త్రిప్పువాడు నటునివైపు చూడనైనను చూడక ఆ తెరనే చూచుచు కూర్చుండెను.