గనుల్లో గాలి సరఫరా: కొలిమి నుండి ఫ్యాన్ వరకు

గనిలో గాలి ఆడకపోతే పని సాగదు. జర్మన్ పండితుడు అగ్రికోలా రాసిన 'డి రె మెటాలికా' (1556) చేతితో, గాలితో, నీటి బలంతో తిరిగే ఫ్యాన్లను వర్ణించింది. అయినా 19వ శతాబ్ది మధ్య వరకు బ్రిటన్ బొగ్గు గనుల్లో కొలిమి పద్ధతే ఎక్కువగా ఉండేది. బావి అడుగున మంట పెడితే వేడిగాలి పైకి పోయేది. మరొక బావి గుండా తాజా గాలి లోపలికి వచ్చేది. కాని గాలిలో మీథేన్ 5 నుండి 15 శాతం ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. అందువల్ల కొలిమి స్థానంలోకి ఇంజనీరు గిబాల్ రూపొందించిన ఫ్యాన్ వంటివి క్రమంగా వచ్చాయి. వాటిని ఆవిరి ఇంజన్లు తిప్పేవి.

దీంతో మంట ప్రమాదం తగ్గింది. కాని కొత్త బాధ్యత ఏర్పడింది. నూనె అందని బేరింగు ఒరిపిడికి వేడెక్కి పట్టేస్తుంది. ఫ్యాన్ ఆగితే గనిలో మీథేన్ పేరుకుంటుంది. కనుక నూనె వేయడానికి యంత్రాన్ని తరచుగా ఆపడం కుదరదు. నడుస్తున్న ఆవిరి ఇంజన్‌కే నూనె అందించే పరికరానికి ఎలైజా మెకాయ్ 1872లో అమెరికాలో పేటెంట్ పొందాడు. అయినా నూనె మట్టం చూసి, బేరింగు వేడిని గమనించే మనిషి అవసరం తీరలేదు. లోపల పనిచేసేవారి ప్రాణాలు అతని శ్రద్ధపై కూడా ఆధారపడ్డాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: కొలిమికి బదులు ఫ్యాన్ వచ్చాక గనిలో ప్రమాద స్వరూపం ఎలా మారింది?