ఇరుసు వేరుపడ్డ కథ

పామర్రు సెంటర్లో పది నిమిషాలు నిలబడితే ఒక చిన్న వింత కంటపడుతుంది. గుడివాడ వైపు నుంచి జనాన్ని కుక్కుకుని వచ్చిన ఆటో స్పీడ్ బ్రేకరును ఏటవాలుగా ఎక్కుతుంది. వెనక ఎడమ చక్రం లేస్తుంది, కుడి చక్రం తనకేమీ పట్టనట్టు కిందనే ఉంటుంది. ఆ వెనకే వచ్చే లోడు లారీకి ఆ భోగం లేదు. ఒక పక్క చక్రం గుంటలో దిగితే రెండో పక్కదీ ఒరుగుతుంది. రెంటినీ కలిపి పట్టుకున్న ఇరుసు ఒక్కటే కాబట్టి వాటిది ఉమ్మడి కాపురం. ఆటో చక్రాలది వేరు కాపురం.

మోటారు వాళ్లు ఈ వేరు కాపురాన్ని ఇండిపెండెంట్ సస్పెన్షన్ అంటారు. ముందు చక్రాలకు ఇది ఎప్పుడో వచ్చింది. ఇంజను బలాన్ని అందుకుని బండిని తోసే వెనక చక్రాలకు అమర్చడమే కష్టం. అమెరికాలో 1960ల నాటి మజిల్ కార్లు, అంటే పెద్ద ఇంజనుతో రంకెలు వేసే కార్లు, చాలావరకు వెనక ఒంటి ఇరుసుతోనే తిరిగాయి. వాటికి తక్కువ ఖర్చులో విడి చక్రాల అమరిక ఎలా బిగించాలన్నది అక్కడి షెడ్లలో దశాబ్దాలుగా సాగుతున్న సరదా. కృష్ణా డెల్టాలో మజిల్ కార్లు లేవు. ఇరుసు గొడవ మాత్రం వాటికంటే మూడు వందల ఏళ్లు పాతది.

ఆ గొడవను కాగితం మీద పెట్టిన తొలి మనుషుల్లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే ఒకడు. 1652లో గోల్కొండ సుల్తాను ఓడలో వచ్చి బందరులో దిగాడు. బందరు నుంచి గోల్కొండకు చక్రాల బండి పోవడం గగనమని, కొండలూ చెరువులూ ఏళ్లూ అడ్డమని, సరుకంతా ఎద్దుల వీపుల మీదే నడుస్తుందని రాసుకున్నాడు. వజ్రాల గనులకు తాను తీసుకెళ్లిన చిన్న బండిని ఇబ్బంది చోట్లల్లా ఊడదీసి, దాటించి, మళ్లీ బిగించాల్సి వచ్చిందట. దారికి తగ్గట్టు బండిని విప్పి కట్టుకునే ఆ పని మన వైపు ఇప్పటికీ ఆగలేదనే చెప్పాలి.

కొండలు పడమటి బాధ. డెల్టా బాధ నల్లరేగడి. ఎండలో గుమ్మడికాయంత బీటలు తీసి, వానలో పిండిముద్దలా సాగి చక్రాన్ని కుండ దాకా మింగే నేల ఇది. ఇక్కడి వడ్రంగి చేసిన చెక్క చక్రం నిలువెత్తున ఉండటానికి కారణం అదే. చక్రం ఎంత పెద్దదైతే గుంటను అంత తేలిగ్గా దాటుతుంది. నల్లతుమ్మ కర్రతో ఆకులు, మధ్యన కుండ, చుట్టూ ఇనుప పట్టా. పట్టా ఎక్కించే రోజు కమ్మరి కొలిమి దగ్గర చిన్న తిరనాళ్లే. పిడకల మంటలో ఎర్రగా కాల్చిన ఇనుప కట్టును నలుగురు పట్టుకుని చక్రానికి తొడిగి, భగ్గున మండుతున్న కర్ర మీద కుండలతో నీళ్లు గుమ్మరిస్తారు. ఇనుము కుంచించుకుని ఆకుల్ని బిగబట్టేస్తుంది. ఇరుసు చివర కడచీల, చక్రం కుండ లోపల ఆముదంలో గడ్డిమసి కలిపిన కందెన. స్ప్రింగు అన్న మాట లేదు. వడ్ల బస్తాలకు నడుము నొప్పి ఉండదు గనక అవసరమూ రాలేదు.

1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక ఈ ప్రాంతం బండిని కొంతకాలం పక్కకు నెట్టింది. బందరు కాలువ, రైవసు కాలువ, పుల్లేరు నీళ్లతో పాటు పడవల్నీ తెచ్చాయి. ఒక ఎద్దు లాగలేని బరువును కాలవ గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని లాగేవారు. 1908లో బెజవాడ - బందరు రైలు వచ్చింది. అది గుడివాడ మీదుగా పోయింది, పామర్రును తాకలేదు. అందుకే పామర్రు రోడ్ల ఊరుగా పెరిగింది. ఇప్పుడు కూడా విజయవాడ - మచిలీపట్నం హైవే మధ్యలో, భీమవరం మీదుగా పాలకొల్లు వైపు పోయే 165వ నంబరు జాతీయ రహదారి మొదలయ్యేది ఇక్కడే.

మామూలు జనం కూర్చున్న మొదటి స్ప్రింగు బండి జట్కా. ఇరుసుకూ పెట్టెకూ మధ్య కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. తర్వాత రిక్షా వెనక చక్రాలకు, లారీకి, అంబాసిడర్‌కు వచ్చినవీ ఇవే. ఇరుసు ఒకటే, దాని మీద కమాను రెండు. చవక, మొరటు, విరిగితే కమ్మరి కూడా సర్దగలిగింది.

అసలు మార్పు ఎద్దుబండికి వచ్చింది. అదీ స్ప్రింగు రూపంలో కాదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం కనిపెట్టిన గాలి టైరు, 1936లో కలకత్తా దగ్గర సాహాగంజ్‌లో డన్‌లప్ ఫ్యాక్టరీ తెరవడంతో మన దేశంలోనే తయారవడం మొదలైంది. ఎద్దుబండ్లకు ప్రత్యేకంగా టైర్లు అమ్మడం ఆ కంపెనీ వ్యాపారంలో ఒక భాగమైంది. రోడ్ల ఇంజనీర్లకూ అది నచ్చింది. సన్నటి ఇనుప పట్టాలు కంకర రోడ్లను నాగలిలా దున్నేస్తుండేవి మరి.

అయితే కొత్త టైరు, కొత్త బేరింగు, కొత్త ఇరుసు కొని బండి కట్టించుకునే స్తోమత ఎందరికి? డెల్టా రైతు దొడ్డిదారి పట్టాడు. చెడిపోయిన లారీదో కారుదో ఇరుసు, అరిగినా గాలి నిలిచే పాత టైర్లు, వెల్డింగు షాపులో అతికిన రెండు ఇనుప దిమ్మెలు. వాటి మీద తన పాత బండి చట్రాన్నే, అవే నొగలతో, అదే కాడితో దించేశాడు. టైరు బండి పుట్టింది. చక్రం సైజు తగ్గింది, పెట్టె కిందికి దిగింది, బస్తాలు ఎత్తడం తేలికైంది. అవే ఎడ్లు ఎక్కువ బరువు లాగాయి. కందెన బాధ పోయి పంక్చరు బాధ వచ్చింది. ఊళ్లో వడ్రంగి, కమ్మరి చేతుల్లోంచి పని జారి రోడ్డు పక్క వెల్డరు చేతికి పోయింది. దీన్ని నష్టమనాలో లాభమనాలో ఎవరి గుమ్మంలో నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది.

టైరు బండికి కూడా స్ప్రింగు లేదు. గాలే దాని కమాను. ఒక చక్రం బోదెలో దిగితే బండి మొత్తం ఒరుగుతుంది. రైతు మార్చుకుంది ఇరుసును గాని ఉమ్మడి కాపురాన్ని కాదు. అయినా పాత బండి, పనికిరాని బండి నుంచి తెచ్చిన సామాను, స్థానిక వెల్డరు అన్న సూత్రం చూస్తే, అమెరికా షెడ్డులో జరిగేదీ ఇదే.

అక్కడి కథ కొంచెం వినాలి. 1961లో ఇంగ్లండు జాగ్వార్ ఈ-టైప్ వచ్చింది. దాని వెనక చక్రాలు విడివిడిగా కదులుతాయి. పైగా ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్, బ్రేకులు, స్ప్రింగులు అన్నీ ఒక ఇనుప చట్రంలో కూర్చి ఉండేవి. బోల్టులు విప్పితే మొత్తం ఒకే ముద్దగా దిగివస్తుంది. తుక్కు యార్డుల్లో ఆ ముద్దను వెతికి పట్టుకుని తమ పాత ఫోర్డులకూ షెవర్లేలకూ తగిలించుకున్న వాళ్లు లెక్కలేనంత మంది. 1964లో బజారుకొచ్చిన మస్టాంగ్ మాత్రం ఒంటి ఇరుసుతోనే దశాబ్దాలు నడిచింది. 1999లో కోబ్రా అనే వేగం రకానికి విడి చక్రాలు ఇచ్చారు. ఒంటి ఇరుసు మస్టాంగ్ కిందే అది పట్టేలా చేశారు కాబట్టి పాత మస్టాంగుల వాళ్లకు తుక్కులో వెతికే వస్తువు ఇంకొకటి దొరికింది. తమాషా ఏమిటంటే, సూటిగా పావు మైలు పందేలు తోలే కోబ్రా ఓనర్లు కొందరు ఆ విడి చక్రాల్ని ఊడబీకి మళ్లీ ఒంటి ఇరుసు వేయించుకున్నారు. ఒక్కుదుటున బలం పడితే మొరటు ఇరుసే తట్టుకుంటుందని వాళ్ల లెక్క. మస్టాంగ్ రకాలన్నిటికీ వెనక విడి చక్రాలు వచ్చేసరికి 2015 మోడల్ అయింది.

అదే వెనకడుగు మన పక్కనే, మద్రాసులో, అంతకు పాతికేళ్లకు పైగా ముందే పడింది. 1948లో పుట్టిన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ వండలూరు ఫ్యాక్టరీలో 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ తయారైంది. ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్‌కు తమ్ముడు. మికెలోట్టి అనే ఇటలీ వాడు గీసిన ఒళ్లు, 948 సీసీ ఇంజను, మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు లేచే బానెట్టు. అంబాసిడర్, ఫియట్ల వెనక ఒంటి ఇరుసు, కమాన్ కట్టలు ఉన్న రోజుల్లో హెరాల్డ్‌కు వెనక చక్రాలు వేరు కాపురం.

ఆ అమరిక చవకలో చేసింది. డిఫరెన్షియల్‌ను చాసిస్‌కు బిగించి, దాని నెత్తిన అడ్డంగా ఒకే ఒక్క కమాన్ కట్ట వేశారు. రెండు వైపులా చెరొక అర ఇరుసు, ఒక్కోదానికి లోపలి కొసన ఒకే జాయింటు. తలుపు బందు మీద ఊగినట్టు చక్రం ఆ జాయింటు మీద ఊగుతుంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. జాయింటు ఒకటే కావడంతో చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా నిటారుగా ఉండదు, పక్కకు వాలుతుంది. మలుపులో జోరుగా తిప్పితే బయటి చక్రం కారు కిందికి మడుచుకోబోతుంది. బరువెక్కితే రెండు చక్రాలూ కాళ్లు ఎడంగా చాపినట్టవుతాయి, టైరు లోపలి అంచు ముందు అరుగుతుంది.

ఇంగ్లండులో మొగుడూ పెళ్లాం కూర్చుని ఆదివారం తిరిగే కారు అది. మన దగ్గర కారెక్కేది నలుగురితో ఆగదు. ముందు ముగ్గురు, వెనక నలుగురు, ఒళ్లో పిల్లలు, డిక్కీలో బియ్యం మూట, నెత్తిన పెట్టెలు. పెళ్లికి బయల్దేరిన కుటుంబాన్ని అడ్డంగా వేసిన ఒక్క కమాను మోయాలి. దానికి తోడు కంకర రోడ్లు. కొనేవాళ్లకూ, బాగుచేసే మెకానిక్కులకూ ఆ వెనక చక్రాల మీద నమ్మకం కుదరలేదు. 1972లో అదే కంపెనీ హెరాల్డ్‌ను సవరించి గజెల్ అనే కారు తెచ్చింది. ఇంజను అదే 948 సీసీ. వెనక మాత్రం విడి చక్రాలు తీసేసి మామూలు ఒంటి ఇరుసు పెట్టింది. గజెల్ అంటే జింక. నడకకు మాత్రం ఎద్దుబండినే గురువుగా ఎంచుకుంది. 1977 నాటికి అదీ ఆగిపోయింది.

కోబ్రా వాళ్లు బలానికి భయపడి వెనక్కి పోతే, మద్రాసు వాళ్లు బరువుకు భయపడి వెనక్కి పోయారు. ఇందులో మెకానిక్కుల తప్పేమీ లేదు. విజయవాడలో 1966 నుంచి ఎదిగిన జవహర్ ఆటోనగర్ నేర్చుకుంది లారీ విద్య. క్రౌన్ పినియన్, హౌసింగ్, కమాను పట్టీలు, బాడీ కట్టడం. వంగిన ఇరుసును చూసి చెప్పగల చేతులు అక్కడ వందలున్నాయి. డెల్టా వడ్లూ, చేపలూ ఆ చేతులు బాగుచేసిన లారీల మీదే ఊళ్లు దాటాయి. హెరాల్డ్ అర ఇరుసు కోసం ఆ విద్య మార్చుకోవడానికి రోడ్డు మీద అన్ని హెరాల్డులు లేవు.

వేరు కాపురం చివరికి ఎవరూ ఊహించని గుమ్మంలో నిలదొక్కుకుంది. ఇటలీలో స్కూటరు కంపెనీ పియాజియో 1948లో ఆపే అనే మూడు చక్రాల బండి తెచ్చింది. మన ఆటో దాని వంశమే. బజాజ్ ఆటో వెనక చక్రాలు ఒక్కొక్కటి ఒక్కో చెయ్యి పట్టుకుని వేలాడుతుంటాయి, దేని స్ప్రింగు దానిది. అంబాసిడర్‌లో మంత్రిగారికి దొరకని సుఖం, సూత్రం వరకైనా, పది రూపాయలిచ్చి షేర్ ఆటో ఎక్కిన కూలీకి దొరికింది. సుఖం సంగతి ఆ ఆటోలో పదకొండో మనిషిని అడిగితే వేరే సమాధానం రావచ్చు. 2009లో అమ్మకానికొచ్చిన టాటా నానో, లక్ష రూపాయల కారుగా పేరుపడ్డది, అది కూడా వెనక విడి చక్రాల బండే. ఇంజను వెనకే ఉంటే పొడుగాటి జాయింటు షాఫ్టు అక్కర్లేదు, చక్రాల్ని విడదీయడం తేలిక. చవకకూ విడి చక్రాలకూ పొత్తు కుదిరిన రహస్యం అదే.

ఇప్పుడు పాత అంబాసిడర్‌కో గజెల్‌కో తుక్కులో దొరికిన విడి చక్రాల ముద్ద తగిలించాలని ఎవరైనా సరదా పడితే వెల్డరు కంటే ముందు చట్టం ఎదురవుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మౌలిక స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చిన బండిని రిజిస్టరు చేయడానికి వీల్లేదని తేల్చింది. ఎద్దుబండికి రిజిస్ట్రేషనే లేదు గనక టైరు బండి కట్టిన రైతును ఎవరూ ఆపలేదు.

ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు మోసిన బండ్ల వరసల్లో చెక్క చక్రం పోయి టైరు వచ్చింది, టైరు బండి పోయి ట్రాక్టరు వచ్చింది. బందరు రోడ్డు నాలుగు వరసలైంది. దాని మీద గుంటలు వెతుక్కోవాలి, హెరాల్డ్ కూడా హాయిగా సాగేది. కాని హైవే దిగి పుంత దారి పట్టిన ట్రాక్టరును చూడాలి. వెనక ఇరుసుకు స్ప్రింగే లేదు. ముందు ఇరుసు ఒకటే, దాని నడిమిన ఒక్క పిన్ను. ఎడమ చక్రం గట్టెక్కితే కుడిది బోదెలోకి దిగుతుంది, ఇరుసు తక్కెడ కాడలా తూగుతుంది, ఇంజను మాత్రం నిటారుగా ఉంటుంది. వెనక ట్రక్కులో వడ్ల బస్తాల మీద కూర్చున్న కుర్రాడు ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో ఫోను చూసుకుంటూ పోతుంటాడు.