కుండీలో ఓక్ వృక్షం: కాలిఫోర్నియా బోన్సాయ్ కళలో వలస చరిత్ర

1. ప్రస్తావన

చరిత్రకు ఆధారాలంటే శాసనాలు, నాణేలు, దస్తావేజులు, కట్టడాలు అని గత పాఠాలలో చదివారు. ప్రాణమున్న వస్తువు కూడా చారిత్రక ఆధారం కాగలదా? కాగలదని చెప్పడానికి ఈ పాఠంలో ఒక చిన్న ఉదాహరణ తీసుకుంటున్నాం. అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో సహజంగా పెరిగే ఓక్ చెట్టును జపాన్ నుంచి వలస వచ్చినవారు, వారి సంతతివారు బోన్సాయ్‌గా తీర్చిదిద్దారు. అడవిలో మహావృక్షమయ్యే చెట్టు మూరెడు ఎత్తున కుండీలో నిలవడం వెనుక తోటపనితో పాటు చట్టాలు, యుద్ధం, నిర్బంధం కూడా ఉన్నాయి.

2. బోన్సాయ్ పుట్టుపూర్వోత్తరాలు

‘బోన్సాయ్’ అనే జపనీయ పదానికి పళ్ళెంలాంటి లోతులేని కుండీలో నాటిన మొక్క అని అర్థం. ఈ కళకు మూలం చైనా. టాంగ్ వంశపు రాకుమారుడు లీ షియెన్ సమాధిలోని క్రీ.శ. 706 నాటి కుడ్యచిత్రాలలో, చిన్న చెట్లు, రాళ్ళు అమర్చిన పళ్ళేలను మోస్తున్న పరిచారకులు కనిపిస్తారు. జపాన్‌లో 1309 నాటి ఒక చిత్రపటంలోనూ కుండీ చెట్లున్నాయి. జపాన్ 1854లో పాశ్చాత్య దేశాలకు ద్వారాలు తెరిచిన తరువాత, పారిస్ వంటి నగరాలలో జరిగిన ప్రదర్శనల ద్వారా ఈ చెట్లు ప్రపంచానికి పరిచయమయ్యాయి.

బోన్సాయ్ ప్రత్యేక జాతి మొక్క కాదని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. మన నర్సరీలలో మర్రి, రావి, జువ్వి చెట్లను కుండీలలో పెంచినట్లే, జపనీయులు తమ కొండల్లో దొరికే పైన్, జునిపర్, మేపుల్ చెట్లను పెంచారు. వారి దేశపు ఓక్ జాతులలో ‘కషివా’ ముఖ్యమైనది. దీని ఎండుటాకులు కొత్త చిగురు వచ్చేదాకా కొమ్మను వదలవు. అందుకే జపనీయులకు ఇది వంశం తెగకుండా సాగడానికి గుర్తు. మే 5న జరుపుకొనే బాలుర పండుగకు ఈ ఆకులో చుట్టిన పిండివంట చేస్తారు.

3. ఓక్ చెట్టు స్వభావం

కాలిఫోర్నియా తీరపు ఓక్ ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. ఆకు చిన్నది, గట్టిది, అంచున ముళ్ళుంటాయి. కాయ వగరు. ఆ నేల ఆదివాసులైన ఒలోనీ తదితర జాతులవారు ఈ కాయలను దంచి, నీటితో వగరు కడిగి, జావ కాచుకొని తాగేవారు. ఓక్లండ్ నగరానికి ఆ పేరు వచ్చింది అక్కడి ఓక్ వనాల వల్లనే. నగరం విస్తరించడంతో ఆ వనాలు చాలావరకు కనుమరుగయ్యాయి.

ఈ చెట్టును కుండీకి అలవాటు చేయడం నిదానంగా సాగే పని. ఓక్ విత్తనం మొలవగానే తల్లివేరు లోతుకు దిగుతుంది. లోతులేని కుండీలో అది ఇమడదు కనుక దానిని విడతలవారీగా కత్తిరించి, పక్కవేళ్ళు అల్లుకొనేటట్లు చేయాలి. కొమ్మలకు తీగ చుట్టి వంచాలి. తీగ బెరడులోకి దిగకముందే విప్పాలి. నీరు నిలవని మట్టి, ఆరుబయట ఎండ కావాలి. అన్నిటికంటే ముఖ్యం, నీరు పోసే మనిషి కావాలి. నేలలోని చెట్టు తన నీటిని తాను వెతుక్కుంటుంది. కుండీలోని చెట్టుకు ఆ అవకాశం లేదు. వేసవిలో కొద్ది రోజులు పట్టించుకోకపోతే దశాబ్దాల శ్రమ వృథా అవుతుంది. కాబట్టి వృద్ధ బోన్సాయ్ ఎక్కడ ఉన్నా, దాని వెనుక తెగని సంరక్షణ ఉందని అర్థం. ఈ పాఠంలోని వాదనకు ఇదే ఆధారం.

4. వలస, చట్టాలు

పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి జపనీయులు కాలిఫోర్నియాకు వచ్చి పొలాల్లో, నర్సరీలలో పనిచేశారు. 1913లో ఆ రాష్ట్రం చేసిన భూమి చట్టం, అమెరికా పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకుండా నిషేధించింది. జపనీయులకు ఆ అర్హత లేదని 1922లో ఓజావా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాదే భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులకూ లేదని తీర్పునిచ్చింది. నేడు వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడిన రాష్ట్రంలో ఒకప్పుడు భారతీయుల స్థితి ఇది. 1924 చట్టంతో జపాన్ నుంచి వలస దాదాపు ఆగిపోయింది.

భూమి హక్కు లేనివారిలో చాలామందికి ఇతరుల తోటలు చూసే పని జీవనోపాధి అయింది. కుండీలో చెట్టు పెంచుకోవడానికి భూమి పట్టా అక్కరలేదు, పెరడు చాలు.

5. 1942: సంరక్షణ తెగిన సంవత్సరం

పెర్ల్ హార్బర్ దాడి తరువాత, 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ కార్యనిర్వాహక ఉత్తర్వుపై సంతకం చేశాడు. పశ్చిమ తీరంలోని సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని నిర్బంధ శిబిరాలకు తరలించారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. చేతితో మోయగలిగినంత సామానే తీసుకువెళ్ళనిచ్చారు. ఇళ్ళు, దుకాణాలు, పంటలు, తోటలు వదిలి వెళ్ళవలసి వచ్చింది. కుండీ చెట్లకు ఈ ఉత్తర్వు అర్థం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

అయినా శిబిరాలలో ఈ కళ చావలేదు. మాంజనార్ శిబిరంలో నిర్బంధితులు ఎడారి నేలలో కొలనులు, తోటలు నిర్మించారు. యూటా రాష్ట్రంలోని టోపాజ్ శిబిరంలో జుజాబురో ఫురుజావా రేకు డబ్బాలో విత్తనం వేసి పైన్ మొక్క పెంచాడు. ఆ చెట్టు వాషింగ్టన్ రాష్ట్రంలోని పసిఫిక్ బోన్సాయ్ మ్యూజియంకు చేరింది. 2020 ఫిబ్రవరిలో దొంగతనానికి గురై, కొద్ది రోజులకే తిరిగి దొరికింది.

6. యుద్ధానంతరం: స్థానిక చెట్ల వైపు

కొలరాడోలో పుట్టి, బాల్యంలో జపాన్‌లో తాత దగ్గర బోన్సాయ్ నేర్చిన జాన్ నాకా 1946లో లాస్ ఏంజెలెస్ చేరాడు. 1950లో మిత్రులతో కలిసి బోన్సాయ్ సంఘం స్థాపించాడు. జపాన్ చెట్లను నకలు చేయడం కంటే తమ ప్రాంతపు చెట్లను పరిశీలించి, వాటి తీరునే కుండీలోకి తేవాలని శిష్యులను ప్రోత్సహించాడు. కాలిఫోర్నియా జునిపర్‌తో పాటు తీరపు ఓక్ కూడా ఈ ధోరణిలో ఆదరణ పొందింది. పైన్ చెట్టు త్రిభుజాకారం బదులు, విశాలంగా గొడుగు పట్టినట్లు పరచుకొనే ఓక్ ఆకారం బోన్సాయ్‌లోకి వచ్చింది.

ఈ మార్పును సొంత నేలపై మమకారంగా మాత్రమే చూడడం తొందరపాటు. 1919 నుంచి అమలులో ఉన్న మొక్కల నిర్బంధ నియమాలు మట్టితో కూడిన మొక్కల దిగుమతిని అడ్డుకున్నాయి. జపాన్ నుంచి వృద్ధ బోన్సాయ్ తెప్పించడం కష్టం, స్థానిక ఓక్ దగ్గరలోనే దొరుకుతుంది. అవసరం, చట్టం, అభిరుచి మూడూ కలిసి ఈ మార్పును తెచ్చాయి. చారిత్రక కారణాలు సాధారణంగా ఇలా కలగలిసే ఉంటాయి.

7. చెట్టును ఆధారంగా చదవడం

ఓక్లండ్‌లో మెరిట్ సరస్సు ఒడ్డున 1999లో ప్రారంభమైన బోన్సాయ్ తోటలో ఒక కషివా ఓక్ ఉంది. లింకన్ కాలంలో చైనాకు అమెరికా రాయబారిగా పనిచేసిన ఆన్సన్ బర్లింగేమ్‌కు సంబంధించిన చెట్టుగా అది ప్రసిద్ధి. ఇటువంటి కథనాన్ని చరిత్రకారుడు కొట్టిపారేయడు, వెంటనే నమ్మడు కూడా. చెట్టు వయసు వేరు, కుండీలో గడిపిన కాలం వేరు. కొండ నుంచి తెచ్చిన చెట్టు కుండీలోకి రాకముందే వందేళ్ళది కావచ్చు. వలయాలు లెక్కించాలంటే సాధారణంగా చెట్టుకు గాయం చేయాలి. అందువల్ల చేతులు మారిన వివరాలు, ఫొటోలు, ఉత్తరాలు, కుటుంబాల జ్ఞాపకాలు కలిపి పరిశీలించాలి.

మౌనం కూడా ఆధారమే. ఒక కుటుంబం చెట్టు గురించి 1941 వరకు, మళ్ళీ 1946 నుంచి వివరాలు దొరికి, నడుమ ఏమీ లేకపోతే, ఆ ఖాళీని పొరపాటుగా కాక ప్రశ్నగా తీసుకోవాలి. ఆ నాలుగేళ్ళు నీరు ఎవరు పోశారు? పొరుగువారా? చెట్టు అమ్ముడుపోయిందా? ఇలా అడిగినప్పుడే పత్రాలలో పేరులేని మనుషులు చరిత్రలోకి వస్తారు.

8. సారాంశం

జపాన్ వలసదారులకు 1952 చట్టంతో గాని పౌరసత్వార్హత లభించలేదు. నిర్బంధానికి అమెరికా ప్రభుత్వం 1988లో క్షమాపణ చెప్పి, బ్రతికి ఉన్న బాధితులు ఒక్కొక్కరికి 20,000 డాలర్లు చెల్లించే చట్టం చేసింది. భూమి కొనే హక్కు లేనివారి కళ, ఆ భూమిపై పుట్టిన చెట్టునే తన మాధ్యమంగా చేసుకుంది. ఆ చెట్టు నీడన అంతకుముందే నివసించి, నేల కోల్పోయిన ఆదివాసులను కూడా మనం మరవరాదు. కుండీలోని ఓక్ అందమైన వస్తువే. దానిని ఎవరు, ఏ పరిస్థితులలో కాపాడారో తెలుసుకున్నప్పుడు అది చారిత్రక ఆధారం అవుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. వృద్ధ బోన్సాయ్ ‘తెగని సంరక్షణ’కు ఆధారమని ఎందుకు అనవచ్చు?
2. కాలిఫోర్నియాలో స్థానిక చెట్లను బోన్సాయ్‌గా ఎంచుకోవడానికి గల కారణాలను చర్చించండి.
3. మీ ఊరిలోని ఒక పాత చెట్టును ఎంచుకొని, దాని గురించి చెప్పే కథనాలను ఏ ఆధారాలతో పరీక్షిస్తారో 15 పంక్తులలో రాయండి.